తప్పు ఎక్కడి నుంచి వస్తుంది: భ్రమ విచారమూ ప్రాథమిక పాఠశాలా

భారతీయ దర్శనాల్లో జ్ఞానాన్ని గురించి ఎంత చర్చ జరిగిందో, జ్ఞానం ఎందుకు దారి తప్పుతుందన్న విషయం మీదా దాదాపు అంత చర్చా జరిగింది. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవటం, మసకచీకట్లో తాడును చూసి పాము అనుకోవటం అనే రెండు చిన్న ఉదాహరణలను పట్టుకుని నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు, వేదాంతులు వెయ్యేళ్ళకు పైగా వాదించుకున్నారు. ఆ వాదాలకే ఖ్యాతివాదాలని పేరు. ఖ్యాతి అంటే ఇక్కడ తోచటం, భాసించటం. భ్రమలో తోచేది ఏమిటి, అది ఎక్కడి నుంచి వస్తుంది, దేనితో తొలగుతుంది అన్నవి ఆ వాదాలు వేసుకున్న ప్రశ్నలు. మోక్షశాస్త్రంలో భాగంగా ఎదిగిన ఈ చర్చను పండితులు సాధారణంగా జగత్తు సత్యమా మిథ్యా అన్న పెద్ద ప్రశ్నకు ముడిపెట్టి చదువుతారు. అయితే ఈ మూడు ప్రశ్నలనూ రోజూ, గంట గంటకూ ఎదుర్కొనే వృత్తి ఒకటుంది. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి పలకల మీదా నోటుపుస్తకాల్లోనూ కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం చిప్పలో వెండి కనబడటం లాంటివే. వాటిని ఏ దృష్టితో చూస్తాడన్నదాన్ని బట్టే ఆయన బోధన స్వరూపం ఏర్పడుతుంది.

ఇంత ఉన్నతమైన విచారాన్ని ఎక్కాల పుస్తకం దాకా దించటం తగునా అన్న శంక రావచ్చు. దానికి సమాధానం శాస్త్రంలోనే దొరుకుతుంది. తైత్తిరీయోపనిషత్తులో మొదటి వల్లికి శిక్షావల్లి అని పేరు. బ్రహ్మవిద్యను చెప్పబోయే ఆ గ్రంథం శాంతిపాఠం కాగానే వర్ణం, స్వరం, మాత్ర, బలం వంటి ఉచ్చారణాంశాలను, అంటే అక్షరాన్ని సరిగా పలికే పద్ధతిని, ముందు ప్రస్తావిస్తుంది. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం బాలురకు సులువుగా బోధపడటానికే రాసినదని గ్రంథారంభంలోనే ఉంది. బాలుడంటే పాలు తాగే పసికందు కాదనీ, చెప్పినదాన్ని గ్రహించి మనసులో నిలుపుకోగలవాడనీ వ్యాఖ్యాతలు వివరించారు. ఆ వివరణలో గ్రహణశక్తి, ధారణశక్తి తప్ప మరో అర్హత లేదు. అది రాసిన కాలంలో పాఠశాల తలుపులు అందరికీ తెరిచి లేవన్నది నిజమే, కాని నిర్వచనం మాత్రం ఆనాటి ఆచారం కన్నా విశాలమైనది. ఆరేళ్ళ బిడ్డలో ఈ రెండు శక్తులూ ఉన్నాయని ఏ బడిలోనైనా చూడవచ్చు. కాబట్టి ఆ బిడ్డ చేసే తప్పు కూడా శాస్త్రవిచారానికి తగినదే.

నైయాయికుల తర్కమైన న్యాయశాస్త్రం తప్పులన్నింటినీ ఒకే గాటన కట్టదు. వాదంలో ఓటమికి చోటిచ్చే లోపాలను నిగ్రహస్థానాలంటారు. గౌతముడి న్యాయసూత్రాలు వాటన్నింటికీ రెండు మూలాలు చూపాయి. ఒకటి అప్రతిపత్తి, అంటే అసలు తెలియకపోవటం. రెండోది విప్రతిపత్తి, అంటే మరో విధంగా తెలియటం. తర్కసంగ్రహం ఇంకొంచెం ముందుకు వెళ్ళి అయథార్థానుభవాన్ని, అంటే వస్తువు ఉన్నట్టుగా కాక వేరుగా కలిగే అనుభవాన్ని, సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విభజించింది. దూరాన నిలువుగా కనిపిస్తున్నది మోడా మనిషా అని మనసు రెండువైపులా ఊగటం సంశయం. చిప్పను చూసి ఇది వెండే అని నిశ్చయించుకోవటం విపర్యయం. తర్కం సంగతి తరువాత చూడవచ్చు. ఒకే లెక్కకు ముగ్గురు పిల్లలకు సున్నా వచ్చిందనుకుంటే, ఒకరు గడి ఖాళీగా వదిలి ఉండవచ్చు, ఒకరు రాసి చెరిపి మళ్ళీ రాసి కాగితం నలిగిపోయేలా చేసి ఉండవచ్చు, మూడో వారు ముత్యాల్లాంటి అంకెలతో, ఎక్కడా దిద్దుబాటు లేకుండా, తప్పు జవాబు రాసి ఉండవచ్చు. మార్కుల రిజిస్టరులో ముగ్గురిదీ ఒకే సున్నా. శాస్త్రదృష్టిలో మూడు వేర్వేరు స్థితులు. మొదటి బిడ్డకు పాఠం చెప్పాలి. రెండో బిడ్డకు విశేషదర్శనం కావాలి, అంటే మోడుకు తొర్ర ఉంటుంది, మనిషికి చేతులుంటాయి అన్నట్టు రెంటినీ వేరుచేసే గుర్తు ఒక్కటి కంటికి ఆనితే సంశయం తీరుతుంది. మూడో బిడ్డకు ఈ రెండూ పనిచేయవు. పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పినా ఆ బిడ్డ దాన్ని తన నిశ్చయానికి అనుగుణంగానే వింటుంది. అందుకే అదే పాఠం నాలుగుసార్లు విన్న తరువాత కూడా అదే తప్పు అంతే నిబ్బరంగా మళ్ళీ వస్తుంది.

ఈ మూడో రకం తప్పును దగ్గరగా పరిశీలించాలి. 52లోంచి 37 తీసివేయమంటే రెండు, మూడు తరగతుల్లో చాలామంది పిల్లలు 25 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7 ఉన్నాయి; 7లోంచి 2 పోతే 5. పదుల స్థానంలో 5లోంచి 3 పోతే 2. అంకెలు సరైన వరుసలో ఉన్నాయి, ఒకట్ల నుంచి మొదలుపెట్టటం సరిగానే ఉంది, రెండు చిన్న తీసివేతలూ సరైనవే. జవాబు మాత్రం 15 కావలసింది 25 అయింది. ఇందులో అజాగ్రత్త ఎక్కడా లేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలన్న ఒక నియమాన్ని బిడ్డ ఎంతో శ్రద్ధగా పాటించింది. ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, ఒకటో తరగతిలో ఒంటి అంకెల తీసివేతలు నేర్పేటప్పుడు పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి, చిన్నదాంట్లోంచి పెద్దది పోదు అని ఉపాధ్యాయులే పదేపదే చెప్పిన మాట అది. 58లోంచి 23 తీయటం వంటి, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోనక్కరలేని లెక్కల్లో ఆ నియమం ప్రతిసారీ సరైన జవాబునే ఇచ్చింది. అంటే బిడ్డ చూసిన వెండి నిజమైన వెండే, కాకపోతే అది చూసిన చోటు వేరు. నైయాయికులు భ్రమను అన్యథాఖ్యాతి అన్నది ఈ అర్థంలోనే: చిప్పలో తోచిన వెండి లేనిది కాదు, అంగడిలో ఉన్నదే, మునుపు చూసినదే, ఇప్పుడు తనది కాని చోట తోచింది. వెండిని ఎన్నడూ చూడనివాడికి చిప్పలో వెండి కనిపించదు. ఆ లెక్కన విపర్యయం అంటేనే అంతకుముందు ఏదో ఒకటి నేర్చుకున్నారనటానికి సాక్ష్యం. ఏమీ నేర్వని బిడ్డ ఆ తప్పు చేయలేదు, గడి ఖాళీగా వదులుతుంది.

ఆధునిక పరిశోధన ఈ చోటికి వేరే దారిలో చేరింది. 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలను ప్రామాణీకరించే పనిలో ఉన్న జీన్ పియాజే, సరైన జవాబుల లెక్క కన్నా తప్పు జవాబుల వెనుక ఉన్న ఆలోచన తీరు మీద ఆసక్తి పెంచుకుని, ఆ దారిలోనే తన జీవితకాల పరిశోధన సాగించాడు. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేత లెక్కలను విశ్లేషించి, తప్పుల్లో చాలాభాగం తోచినట్టు రాసినవి కావనీ, కొద్దిగా మారిన ఒక పద్ధతిని నియమబద్ధంగా పాటించటం వల్ల వచ్చినవనీ చూపారు. నైయాయికులు ఈ పరిశోధనలను ముందే ఊహించారని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. వారి లక్ష్యం వేరు, పద్ధతి వేరు. తప్పుకు ఒక కారణం ఉంటుందనీ, ఆ కారణాన్ని వెతకటం సాధ్యమనీ ఇరువురూ నమ్మారు. ఉపాధ్యాయుడికి కావలసింది ఆ నమ్మకమే.

నూట ఇరవై ఐదు అని చెప్పి రాయమంటే 100205 అని రాసే బిడ్డ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. నూరుకు 100, ఇరవైకి 20, ఐదుకు 5 అని బిడ్డ నేర్చుకున్న మూడూ సత్యాలే. విన్న వరుసలో వాటిని పక్కపక్కన పెట్టింది. ఒక దాని సున్నాల మీద మరొకటి కూర్చుంటుందన్న సంగతి ఒక్కటే ఇంకా తెలియలేదు. అట్టముక్కల మీద 100, 20, 5 వేరువేరుగా రాసి, వంద మీద ఇరవైని, దాని మీద ఐదును, కుడి అంచులు కలిసేలా పేర్చి చూపిస్తే, బిడ్డ తాను రాసిన అంకెలన్నీ అందులో దాగి ఉండటం చూస్తుంది. తాను రాసినదేదీ వృథా పోలేదన్న సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. కొన్నిసార్లు వెండిని చూసిన చోటు మరో భాష కావచ్చు. పదమూడు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, కాబట్టి 1 ముందు రాయటం తెలుగు బిడ్డకు తేలిక. థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, కాబట్టి ఇంగ్లిషు మాధ్యమంలో అడుగుపెట్టిన బిడ్డ 31 అని రాస్తే ఆ తప్పు చేతిది కాక చెవిది కావచ్చు. హిందీ, ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలదీ ఇదే పరిస్థితి.

పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి వంటి నియమాలు ఎందుకు దారి తప్పిస్తాయో న్యాయశాస్త్రంలోని ఉపాధి అనే భావన చక్కగా వివరిస్తుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నది వ్యాప్తి, అంటే ఎక్కడా తప్పని సాహచర్యం. దాన్ని తిరగేసి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే అది చెల్లదు, ఎందుకంటే కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడికట్టె తోడు కావాలి. చెప్పకుండా దాగిన ఈ షరతునే ఉపాధి అంటారు. పదితో గుణిస్తే చివర సున్నా చేర్చాలని మూడో తరగతిలో నేర్పిన నియమానికి పూర్ణసంఖ్య కావటం అనే ఉపాధి ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అయిదో తరగతిలో 2.5ను పదితో గుణించమంటే 2.50 అని జవాబు వస్తుంది. గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అన్న నియమం సగంతో గుణించినప్పుడు చెల్లదు. నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి నాలుగో వంతు మూడో వంతు కన్నా పెద్దదన్న తప్పు కూడా ఈ కోవకు చెందినదే. ఉపాధిని చిన్న తరగతిలోనే విప్పి చెప్పటం అన్నివేళలా సాధ్యం కాదు, అవసరమూ కాదు. అయితే తాను ఇస్తున్న నియమం ఏ తరగతిలో, ఏ లెక్క దగ్గర విరుగుతుందో నియమం ఇచ్చేవారికి తెలిసి ఉండాలి. ఎప్పుడూ అన్న మాట వాడబోయే ముందు ఒక్క క్షణం ఆగగలగాలి.

ఇక్కడ ఒక నైతికప్రశ్న ఎదురవుతుంది. ఆప్తుడి ఉపదేశం కూడా ప్రమాణమేనని, అంటే యథార్థజ్ఞానానికి సాధనమేనని, నైయాయికుల సిద్ధాంతం. ఆప్తుడంటే విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టుగా చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమేనని వాత్స్యాయనుడు న్యాయసూత్రాలకు రాసిన భాష్యంలో స్పష్టం చేశాడు. చిన్నపిల్లలకు ఇంట్లో తల్లిదండ్రులూ బడిలో ఉపాధ్యాయుడూ ఆప్తులు. మా టీచరు చెప్పారు అన్న ఒక్క మాటతో ఇంట్లో పెద్దల లెక్కను కూడా తోసిపుచ్చగల నమ్మకం ఆ వయసులో ఉంటుంది. అలాంటప్పుడు 25 అన్న జవాబుకు దండన ఎవరికి పడాలి? బిడ్డ చేసిన పనల్లా ఆప్తవాక్యాన్ని నమ్మటం. తైత్తిరీయంలో చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి గురువు చేసే ఉపదేశంలో, మా నడవడిలో మంచివాటినే అనుసరించు, తక్కినవాటిని కాదు అన్న భావం ఉంది. గురువుల్లో అనుసరించదగనివి కూడా ఉంటాయన్న అంగీకారం ఆ వాక్యం లోపలే ఉంది. తన నియమం వల్లే బిడ్డ పొరబడిందని గుర్తించిన ఉపాధ్యాయుడు ఆ మాటను తరగతిలో పైకే అనటం వల్ల గౌరవం తగ్గదు, ఆప్తుడి నిర్వచనంలోని రెండో భాగం, అంటే తెలిసినది తెలిసినట్టుగా చెప్పాలన్న కోరిక, రుజువవుతుంది.

చదవటంలో వచ్చే తప్పులకు నైయాయికుల వివరణ కన్నా ప్రాభాకర మీమాంసకుల వివరణే బాగా అతుకుతుంది. వారి వాదాన్ని అఖ్యాతి అంటారు. భ్రమ అనేది ప్రత్యేకమైన ఒక తప్పుడు జ్ఞానం కాదు. ఎదుట ఉన్నదాన్ని చూడటం ఒక జ్ఞానం, మునుపటిదాన్ని తలుచుకోవటం ఇంకో జ్ఞానం. రెండూ సరైనవే, కాని రెండింటి మధ్య ఉన్న తేడా గ్రహించకపోవటమే పొరపాటు. పలుగు అని ఉన్నచోట పలక అని చదివే బిడ్డ మొదటి రెండు అక్షరాలను దాదాపు సరిగానే చూసింది, ఆ వెంటనే జ్ఞాపకం పరుగెత్తుకొచ్చి తనకు బాగా తెలిసిన మాటను పూర్తిచేసింది. చూపు ఎక్కడ ఆగిందో, జ్ఞాపకం ఎక్కడ మొదలైందో బిడ్డకు తెలియదు. అలాంటప్పుడు తప్పు, మళ్ళీ చదువు అనటం కన్నా, చివరి అక్షరం కింద వేలు పెట్టి ఇక్కడేముంది అని అడగటం మేలు. అతుకు ఎక్కడుందో అప్పుడు బిడ్డకే కనిపిస్తుంది. మ, య అక్షరాలను, ప, ష అక్షరాలను తారుమారు చేసే పిల్లలకు కూడా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాను వేలితో దిద్దించటమే వివేకాన్ని, అంటే వేరుచేసి చూసే శక్తిని, కలిగిస్తుంది. ఈ విషయం అనుభవమున్న ఉపాధ్యాయులందరికీ తెలిసినదే.

తప్పు తొలగే తీరు గురించి మరో మీమాంసకుడు కుమారిలభట్టు స్వతఃప్రామాణ్య సిద్ధాంతం ఎంతో లోతైన మాట చెబుతుంది. కలిగిన ప్రతి జ్ఞానమూ తనంతట తానే ప్రమాణంగా తోస్తుంది. అది అప్రమాణమని తెలియాలంటే బయటి నుంచి రెండింటిలో ఒకటి రావాలి, జ్ఞానానికి కారణమైన దాంట్లో దోషం ఉందని తెలియటమో, దాన్ని కాదనే బాధకజ్ఞానం కలగటమో. బాధకం అంటే ఇక్కడ మునుపటి జ్ఞానాన్ని తోసివేసే మరో జ్ఞానం. అది పాము కాదు అన్న మాట బాధకజ్ఞానం కాదు, దీపం తెచ్చి తాడును చూపినప్పుడు కలిగేది బాధకజ్ఞానం. లెక్క పక్కన ఎర్రసిరాతో పెట్టే ఇంటూ మార్కు పాము కాదు అని మాత్రమే చెబుతుంది, తాడును చూపదు. ఎదుటివారి పక్షాన్ని ఖండిస్తూ తన పక్షమంటూ ఏదీ నిలపని చర్చను న్యాయశాస్త్రం వితండ అంటుంది. రోజుకు వందల ఇంటూ మార్కులు పెట్టి పుస్తకాలు తిరిగి ఇచ్చేయటం ఆ అర్థంలో వితండే. ఇంటూ పడిన పుస్తకం చూసుకున్న బిడ్డ తన నియమాన్ని వదులుకోదు, దాన్ని వాడే ధైర్యాన్ని మాత్రం వదులుకుంటుంది.

బాధకజ్ఞానాన్ని కలిగించటానికి శాస్త్రమే రెండు సాధనాలు ఇచ్చింది. ఒకటి పూర్వపక్షం. ప్రతివాది మతాన్ని ఖండించబోయే ముందు దాన్ని అతడు స్వయంగా చెప్పినదానికన్నా స్పష్టంగా, బలంగా చెప్పటం మన శాస్త్రగ్రంథాల మర్యాద. ఇదెలా చేశావో చెప్పమ్మా అని అడిగి, బిడ్డ చెప్పలేకపోతే, ఏడు పెద్దది, రెండు చిన్నది, అందుకని ఏడులోంచి రెండు తీశావు, అవునా అని బిడ్డ తరఫున ఉపాధ్యాయుడే చెప్పగలిగితే, అవునన్నట్టు ఊగే ఆ చిన్న తల ద్వారా సగం పని పూర్తవుతుంది. ఎలా చేశావన్న ప్రశ్నను తప్పు జవాబులకే వేస్తే పిల్లలు దాన్ని తప్పుకు సంకేతంగా గుర్తుపట్టి వెంటనే చెరిపేస్తారు. సరైన జవాబులకు కూడా అంతే తరచుగా వేయాలి. రెండో సాధనం తర్కం. అన్నంభట్టు దాన్ని అయథార్థానుభవాల్లో చేర్చటానికి కారణం, అది లేనిదాన్ని ఉందనుకుని మొదలుపెట్టటమే: నిప్పు లేదనుకుందాం, అలాగైతే పొగ కూడా ఉండకూడదు కదా అన్నది దాని నడక. 25 సరైన జవాబే అనుకుందాం, అలాగైతే 25కు 37 కలిపితే తిరిగి 52 రావాలి కదా అని ఉపాధ్యాయుడు అంటే, బిడ్డ కలిపి 62 అని చూస్తుంది. పదేసి పుల్లలు కట్టిన అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు చేతికిచ్చి 37 పుల్లలు అడిగితే, ఒక కట్ట విప్పక తప్పని స్థితి వస్తుంది. విప్పిన క్షణాన కలిగేది బాధకజ్ఞానం. దాన్ని కలిగించినది ఉపాధ్యాయుడి అధికారం కాదు, ఆ పుల్లలే.

భ్రమకు కారణాలైన దోషాలను శాస్త్రకారులు ఓపికగా లెక్కపెట్టారు. దూరం, చాలని వెలుతురు, కామెర్ల రోగికి శంఖాన్ని పచ్చగా చూపే పిత్తం, చిప్పలో వెండిని చూపే ఆశ, తాడులో పామును చూపే భయం. ఈ చివరిదాని గురించి ఎంత చెప్పినా తక్కువే. తప్పు చేసిన బిడ్డను కొట్టటం భ్రమను తొలగించే సాధనాల్లో ఏ దర్శనంలోనూ కనిపించదు. కనిపించేదల్లా భయం భ్రమను పుట్టిస్తుందన్న మాట. అంటే బెత్తం తప్పుకు మందు కాదు, తప్పు పుట్టించే కారణాలకు మరొకటి జతచేయటం. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఈ రెండో భాగం బడుల్లో ఇంకా బాగా పాతుకోలేదన్నది విచారకరమైన వాస్తవం. మొద్దు అని పిలవటం, వెనక వరుసలో కూర్చోబెట్టటం, వీళ్ళన్న కూడా ఇంతే అనటం, కులాన్నో తండ్రి వృత్తినో ప్రస్తావించటం చేత్తో కొట్టకుండా కొట్టడమే. వేదాంతపరిభాషలో ఇది అధ్యాస, అంటే ఒకచోట చూసినదాన్ని మరొకదాని మీద ఆరోపించటం. అన్నలో చూసినదాన్ని తమ్ముడిలో, ఒక వీధిలో చూశామనుకున్నదాన్ని ఆ వీధి పిల్లలందరిలో చూసే ఉపాధ్యాయుడు, బిడ్డ తప్పును దిద్దుతూనే బిడ్డ చేసిన తప్పు కన్నా పెద్ద విపర్యయంలో ఉన్నాడు. ఆయన భ్రమను దిద్దే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నతనంలో ఉపాధ్యాయులు మందబుద్ధిగా లెక్కకట్టారనీ, బడిలో దెబ్బలు తిన్నాడనీ ఆయన జీవితచరిత్రకారులు రాశారు. భయం ఉన్నచోట నేర్చుకోవటం జరగదన్న మాటను ఆయన జీవితాంతం చెబుతూ వచ్చాడు. గురుశిష్యులు కలిసి చదివే శాంతిపాఠంలో తమ మధ్య ద్వేషం కలగకూడదన్న కోరిక చేరటం కూడా ఆలోచించదగినది. ద్వేషం పుట్టే అవకాశమే లేని సంబంధమైతే ఆ ప్రార్థన అవసరమయ్యేది కాదు. ఒకరు రోజూ తప్పు పడుతూ, మరొకరు రోజూ మాట పడే చోట అది పొంచి ఉంటుందని ఆ ఋషులకు తెలుసు.

తప్పులుగా లెక్కకు వచ్చేవాటిలో కొన్ని అసలు తప్పులే కావన్న సంగతి కూడా చెప్పుకోవాలి. పోయిండు, వచ్చిన్రు అని రాసిన తెలంగాణ బిడ్డకూ, పోతాండాడు అని రాసిన రాయలసీమ బిడ్డకూ భ్రమ ఏదీ కలగలేదు. ఉన్నది ఉన్నట్టుగానే తెలిసింది, ఉన్నది ఉన్నట్టుగానే రాశారు. పాఠ్యపుస్తకపు భాష నేర్పటం బడి పనే, కాని దాన్ని ఇంటిమాటకు బాధకంగా కాక, దాని పక్కన మరొకటిగా నేర్పాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లలకు చదువు చెప్పటానికి ముందు తానే సవరభాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు తయారుచేశాడు. బిడ్డ మాటను తప్పు అనకముందు ఆ మాట ఏ వ్యాకరణానికి చెందినదో తెలుసుకోవటం ఆయన క్రమం.

ఈ విచారమంతా బాగానే ఉన్నా, ఆచరణకు వేళ ఎక్కడుందని ఉపాధ్యాయులు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, తరగతులు అయిదు. ఒక ఉపాధ్యాయుడు ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడుపుతూ ప్రతి పుస్తకంలో ప్రతి తప్పుకూ మూలం వెతకటం జరిగే పని కాదు. అయితే తప్పుల రకాలు పిల్లల సంఖ్యంత ఉండవు. 30 పుస్తకాలు ముందేసుకుని చూస్తే తీసివేతలో తప్పులు నాలుగైదు రకాలకు మించకపోవటం ఏ ఉపాధ్యాయుడైనా గమనించగలడు. రోజుకు ఒక్క రకాన్ని ఎంచుకుని, ఎవరి పేరూ చెప్పకుండా నల్లబల్ల మీద రాసి, ఇలా ఎందుకు చేసి ఉంటారు అని తరగతిని అడగటం అందరికీ సాధ్యమే. న్యాయసూత్రాలు వాదం అని గౌరవించినది ఇలాంటి చర్చనే. గెలుపు కోసం చేసేది జల్పం; శిష్యుడితో, గురువుతో, తోటి చదువరులతో, అసూయ లేనివారితో తత్వనిర్ణయం కోసం చేసేది వాదం. ఏడేళ్ళ బిడ్డ మీద జల్పంలో గెలవటం ఏ పెద్దవారికైనా సులువే, దానికి విలువేమీ లేదు. పైతరగతి పిల్లలు కిందితరగతి వారి పక్కన కూర్చునే గది బోధనకు అడ్డంకి అని అనుకునేవారు, మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ చుట్టుపక్కల పల్లెబడుల్లో చీటీలతో, మెట్లమెట్లుగా, ఎవరి వేగంతో వారు నేర్చుకునేలా రూపొందించిన పద్ధతిని చూడవచ్చు. నిన్ననే కట్ట విప్పటం నేర్చుకున్న బిడ్డకు, ఇవాళ ఇంకా విప్పని బిడ్డ ఎక్కడ ఆగిందో పెద్దవారి కన్నా బాగా తెలుస్తుంది.

మిగిలినది రిజిస్టరు సంగతి. తాడు తెలిసిన తరువాత పాము ఇక్కడ ఉండి వెళ్ళిపోయిందని ఎవరూ అనరు, ఇక్కడ పాము అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఇక ఉండదు అంటారు. అద్వైతులు దీన్ని త్రైకాలిక నిషేధం అంటారు, అంటే మూడు కాలాల్లోనూ కాదనటం. ప్రాథమిక తరగతుల్లో మూల్యాంకనం నిరంతరంగా, సమగ్రంగా ఉండాలని చట్టం చెప్పింది, కాని చాలాచోట్ల నిరంతరం అన్న మాటకు పరీక్షలు ఎక్కువసార్లు పెట్టటం అన్న అర్థమే స్థిరపడింది. జూలైలో అప్పు తెచ్చుకోవటం రాని బిడ్డ సెప్టెంబరుకల్లా దాన్ని తడబడకుండా చేస్తుంటే, జూలై మార్కు ఏడాది చివరి సగటులోకి చేరి ఆ బిడ్డను కిందికి లాగటాన్ని ఏ ఖ్యాతివాదమూ సమర్థించదు. ప్రగతి నమోదులో ప్రతి నైపుణ్యానికీ రెండో గడి ఒకటి ఉంచి, తప్పు ఏ రకమైనదో మొదటి గడిలో ఒక్క మాటలో, అది తీరిన తేదీని రెండో గడిలో రాసుకుని, తీరిన తరువాత మొదటిదాన్ని లెక్కలోంచి తీసివేయటానికి ఉపాధ్యాయుడికి పెద్దగా వేళ పట్టదు. పై తరగతికి ఆ పుస్తకాన్ని అందుకునే ఉపాధ్యాయుడికి అందులో మార్కుల కన్నా ఎక్కువ సమాచారం దొరుకుతుంది.